ఎడారిలో పలికిన మాట నజరేతు ఇంట్లో నేర్చినది



కిందటి తపస్కాలంలో సత్యోపదేశం చెబుతుండగా ఐదో తరగతి చదివే పిల్లవాడొకడు నన్నొక ప్రశ్న అడిగాడు. ప్రభువు ఎడారిలో నలభై దినాలు ఉపవాసమున్న సంగతి, సైతాను మూడుసార్లు శోధించిన సంగతి వివరించి, మూడుసార్లూ ఆయన లేఖనంతోనే జవాబిచ్చాడని చెప్పాను. వాడు లేచి నిలబడి, "ఫాదర్ గారూ, ఎడారిలోకి వెళ్ళేటప్పుడు యేసు ప్రభువు బైబిలు తీసుకెళ్ళాడా?" అన్నాడు. తక్కిన పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వి, "ఆయన దేవుడు గదరా, ఆయనకు అన్నీ తెలుసు" అని చెప్పి కూర్చోబెట్టాను.

నేనిచ్చినది అబద్ధపు జవాబు కాదు గాని సోమరి జవాబు. ఆ రాత్రి పడుకోబోయే ముందు గాని నాకా సంగతి తట్టలేదు. ప్రభువు నిజమైన దేవుడు, నిజమైన మానవుడు. మానవుడుగా ఆయన మనలాగే నేర్చుకొంటూ పెరిగాడు. బాలయేసు వయసులోనే గాక జ్ఞానంలో కూడా ఎదిగాడని లూకాగారు రాశారు (లూకా 2:52). 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 472వ పేరా కూడా ఈ మాటే బోధిస్తుంది. ఆ రోజుల్లో లేఖనాలను పెద్ద పెద్ద చుట్టలుగా రాసి ప్రార్థనా మందిరాల్లో భద్రపరచేవారు. మనలాగా చేతిసంచిలో పెట్టుకొని తిరిగే గ్రంథం ఎవరి దగ్గరా లేదు. కాబట్టి ప్రభువుతో ఎడారికి వెళ్ళిన లేఖనం ఆయన గుండెలో ఉన్నదే. నలభై దినాల ఆకలితో నాలుక పిడచకట్టిన మనిషి నోటికి ఆ మాటలు అంత సిద్ధంగా ఎలా వచ్చాయి? వాటిని ఆయన నోట ఎవరు పెట్టారు?

ఈ వారం నేను మీతో కలిసి ఆలోచించదలచినది ఈ పిల్లవాడి ప్రశ్ననే.

మూడు జవాబులూ ఒకే చోటనుండి

ఇంట్లో బైబిలు ఉన్నవారు మత్తయి సువార్త 4వ అధ్యాయం తెరవండి. ఇంకో వేలు ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం దగ్గర పెట్టుకోండి. రాళ్ళను రొట్టెలు చేయమన్నప్పుడు ప్రభువు ఇచ్చిన జవాబు ద్వితీయోపదేశకాండం 8:3లో ఉంది. దేవాలయ శిఖరం మీదనుండి దూకమన్నప్పటి జవాబు 6:16లో ఉంది. లోకరాజ్యాలన్నీ ఇస్తాను, నాకు మొక్కమన్నప్పటి జవాబు 6:13లో ఉంది. మూడు అధ్యాయాల లోపలే మూడు జవాబులూ దొరికాయి. అచ్చులో చూస్తే నాలుగైదు పేజీలకు మించదు.

ఆ పేజీల్లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో గమనించండి. నలభై ఏండ్లు ఎడారిలో నడిచి, వాగ్దత్త భూమి గడప దగ్గరికి వచ్చిన ప్రజలతో మోషే మాట్లాడుతున్నాడు. మీకు ఆకలి వేసింది, దేవుడు మన్నా కురిపించాడు. మీకు దాహం వేసింది, మస్సా దగ్గర దేవుడు మనతో ఉన్నాడా లేడా అని ఆయన్నే పరీక్షకు పెట్టారు. రేపు మీరు కట్టని ఇండ్లలో కాపురముంటారు, మీరు తవ్వని బావుల నీళ్ళు తాగుతారు, అప్పుడు కడుపు నిండి దేవుణ్ణి మరచిపోతారేమో జాగ్రత్త. మోషే హెచ్చరిక సారాంశం ఇది. ఆకలి, అనుమానం, ఐశ్వర్యం. సైతాను ప్రభువు ముందు పెట్టినవీ ఈ మూడే. యిస్రాయేలు ప్రజలు నలభై ఏండ్లలో ఎక్కడెక్కడ పడ్డారో, నలభై దినాలలో ప్రభువు అక్కడక్కడే నిలబడ్డాడు. అంటే ఆయన చీటీ తీసినట్లు ఏదో ఒక వాక్యం తీసి విసరలేదు. ఆ భాగమంతా ఒక్క ముద్దగా ఆయనలో ఉంది.

ఇక ఆ ఆరో అధ్యాయంలోనే ఇంకొక విశేషముంది. దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించాలన్న మాట, యూదులు ఉదయం సాయంత్రం జపించే ఆ గొప్ప ఆజ్ఞ, అక్కడే ఉంది (6:4-5). దాని వెంటనే తల్లిదండ్రులకు ఒక పని అప్పగించబడింది. ఇంట్లో కూర్చున్నప్పుడు, బాటన నడిచేటప్పుడు, పడుకొనేటప్పుడు, లేచేటప్పుడు ఈ మాటలను పిల్లలకు చెబుతూ ఉండండి అని (6:7). ఇప్పుడు చెప్పండి, ప్రభువు జవాబులు ఏ ఇంటినుండి వచ్చాయి? జోజప్పగారు రంపం పట్టుకొని, మరియమ్మగారు పిండి విసురుతూ ఆ అధ్యాయం చెప్పినట్లే చేశారని నమ్మడానికి నాకే కష్టమూ లేదు. ఎడారిలో యుద్ధం నలభై దినాలు. ఆ యుద్ధానికి ఆయుధం సిద్ధమైనది నజరేతులో, ముప్ఫై ఏండ్లు.

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. ఊళ్ళో ఉపదేశిగారు నేర్పిన జపాలే ఆమెకు గ్రంథం. రోట్లో మిరపకాయలు దంచుతూ పరలోక జపం చెప్పేది. రోకటి దెబ్బకొక మాట పడేది. నేను పక్కన కూర్చుని తుమ్ముతూ వినేవాణ్ణి. ఆ తరువాత సెమినరీలో అరిస్టాటిలును, అక్వినాసును ఏండ్ల తరబడి చదివాను. వాటిలో చాలా భాగం మరచిపోయాను. రోకటి జపం మాత్రం మరుపుకు రాలేదు. అది ఎప్పుడు అక్కరకు వచ్చిందో కిందట చెబుతాను.

సైతానుకూ కీర్తనలు వచ్చు

లేఖనం కంఠతా వస్తే శోధన పారిపోతుందని మాత్రం అనుకోవద్దు. రెండో శోధనలో సైతాను కూడా లేఖనమే చదివాడు. 91వ కీర్తన, 11, 12 వచనాలు. దేవదూతలు నిన్ను తమ చేతుల్లో ఎత్తి పట్టుకొంటారన్న చోటు. మన ఇండ్ల గుమ్మాల మీద, ఆటోల అద్దాల మీద ఇష్టంగా అతికించుకొనేది కూడా ఈ కీర్తననే. చక్కని కీర్తన. అయితే సైతాను దాన్ని ఎలా చదివాడో చూడండి. దేవదూతలు నీ మార్గాలన్నింట నిన్ను కాపాడతారని కీర్తనకారుడు పాడాడు. ఆ 'మార్గాలన్నింట' అన్నది సువార్తలో సైతాను నోట వినిపించదు. దేవుడు చూపిన మార్గంలో నడిచేవాడికి ఇచ్చిన అభయాన్ని, గోడ దూకేవాడికి ఇచ్చినట్లు చదివాడు. ఆపైన 12వ వచనం దగ్గరే ఆపేశాడు. 13వ వచనంలో ఏముందో మీరే చూడండి. నీవు సర్పాన్ని కాలితో తొక్కుతావని ఉంది. తన తల చితికే సంగతి అతడెందుకు చదువుతాడు?

అందుచేత వాక్యం తాయెత్తు కాదు. కేలండరులో ఉన్న వాక్యం గోడకే బలం. సగం వాక్యం పట్టుకొని పాపానికి పత్రం రాసుకొనే తెలివి మనకూ ఉంది. నాకూ ఉంది. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి.

గురుపట్టాభిషేకం పొందిన కొత్తలో ఒక గ్రామంలో గుడికి స్లాబు వేయడానికి జనం కూలి డబ్బుల్లోంచి తీసి ఇచ్చిన అరవై వేల రూపాయలు నా బీరువాలో ఉన్నాయి. బ్యాంకులో వేయడానికి సోమవారం వెళ్ళాలి. శనివారం సాయంత్రం మా తమ్ముడు వచ్చాడు. ఆ ఏడు మిరప తోట దెబ్బతిన్నది. అప్పిచ్చినవాడు వీధిలో నిలబడి తిడుతున్నాడు. "అన్నయ్యా, నలభై వేలు సర్దు. రెండు నెలల్లో తెచ్చి నీ చేతిలో పెడతాను. స్లాబు పని మొదలయ్యేది ఎలాగూ ఎండాకాలంలోనే గదా" అన్నాడు. వాడు అబద్ధమాడే మనిషి కాదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చదువుకొన్నవాడికి శోధన వస్తే చదువు కూడా దాని పక్షానే వాదిస్తుంది. అత్యంత అవసరంలో ఉన్నవాడు పరుల సొత్తు తీసుకొన్నా అది దొంగతనం కాదని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. సెమినరీలో దాని మీద పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నవాణ్ణి. అదే నాకు గుర్తొచ్చింది. ఎంత హాయిగా అనిపించిందో! ఆయన చెప్పినది ప్రాణాపాయంలో ఉన్నవాని గురించి, వేరే దారి లేనివాని గురించి. మా తమ్ముడి ఇంట్లో ఆ పూట అన్నం ఉంది. పోతున్నది పరువు. పైగా తీయబోతున్నది వాడు కాదు, తాళంచెవి ఉన్న నేను. అక్వినాసువారి మాటను నేను 12వ వచనం దగ్గర ఆపేశాను.

బీరువా తాళంచెవి చేతిలో ఉండగానే, అలవాటు చొప్పున పరలోక జపం మొదలుపెట్టాను. శోధన అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగిపోయింది. మళ్ళీ మొదటినుండి మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి లేచి దీపం వేసి కూర్చున్నాను. తెల్లవారి ఆదివారం పూజ కాగానే బస్సెక్కి, పెద్ద ఫాదరుగారి దగ్గరికి వెళ్ళి సంగతంతా చెప్పి, డబ్బు ఆయన చేతిలో పెట్టి వచ్చాను.

స్లాబు ఆ ఎండాకాలంలోనే వేశాం. మా తమ్ముడు పాడిగేదెను అమ్మి అప్పు కట్టాడు. రెండేండ్లు నాతో మాట్లాడలేదు. మా అమ్మ మా ఇద్దరి మధ్య ఏడ్చేది. శోధన ముగిశాక దేవదూతలు వచ్చి ప్రభువుకు పరిచర్య చేశారని మత్తయిగారు రాశారు. శోధనను జయించిన మరునాడే మనకు అలాంటి సేవ జరుగుతుందని మీకు చెప్పలేను. నాకు జరగలేదు.

పాముతో సంభాషణ

మత్తయి సువార్త చదివే సంవత్సరంలో తపస్కాలపు మొదటి ఆదివారం మొదటి పఠనంగా తల్లి సభ ఆదికాండాన్ని ఇచ్చింది. ఏవ, సర్పం. ఈ రెండు పఠనాలను పక్కపక్కన పెట్టి చూడండి. సర్పం మొదట అబద్ధం చెప్పలేదు, ప్రశ్న అడిగింది. తోటలో ఏ చెట్టు పండూ తినవద్దన్నాడా దేవుడు, అని. దేవుడు అలా అనలేదని సర్పానికి తెలుసు. ఏవకు కూడా తెలుసు. అయినా ఆమె సరిదిద్దబోయింది. సరిదిద్దబోతూ, ముట్టుకోనూ వద్దన్నాడని దేవుడు చెప్పని మాట ఒకటి తాను కలిపింది (ఆది 2:17, 3:3 పోల్చి చూడండి). మాటలో మాట పెరిగింది. కాసేపటికి ఆ పండు కంటికి ఇంపుగా కనిపించింది.

ప్రభువు అలా చేయలేదు. నీవు దేవుని కుమారుడవైతే అని సైతాను అన్నాడు. నేను కుమారుణ్ణేనని ఆయన రుజువు చేయబోలేదు. రాళ్ళను రొట్టెలు చేయడం మంచిదా చెడ్డదా అని చర్చ పెట్టలేదు. ఒక్కొక్క లేఖనం, అంతే. సైతానుతో సంభాషణ పెట్టుకోరాదని 2025లో పరమపదించిన ఫ్రాన్సిస్ పోపుగారు తరచూ హెచ్చరించేవారు. పాపాన్ని చూచి పామును చూచినట్లు పారిపొమ్మని సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం ఎప్పుడో చెప్పింది (21:2). మన పల్లెల్లో పాము కనబడితే ఎవరైనా నిలబడి కుశలం అడుగుతారా? యోసేపు పోతీఫరు ఇంట్లో పైవస్త్రం వదిలేసి పరుగెత్తాడు (ఆది 39). వస్త్రం పోయింది, తరువాత చెరసాల వచ్చింది. దావీదు మాత్రం రాజులు యుద్ధానికి వెళ్ళే కాలంలో ఇంట్లో ఉండిపోయి, సాయంకాలం మిద్దెమీద తిరుగుతూ చూడకూడనిది చూశాడు, చూచి ఆగలేదు, ఆమె ఎవరని విచారించాడు (2 సమూ 11). గొల్యాతును పడగొట్టినవాడు ఒక్క ఆరాతో పడిపోయాడు.

నాలుగో శతాబ్దంలో ఎవాగ్రియుస్ అనే పండితుడు కాన్‌స్టాంటినోపులులో డీకనుగా ఉండేవాడు. ఒక వివాహిత స్త్రీ పట్ల మనసు లాగుతున్నదని గ్రహించి నగరం విడిచి వెళ్ళిపోయాడు. చివరికి ఐగుప్తు ఎడారిలో సన్యాసిగా స్థిరపడి 399లో కన్నుమూశాడు. ఆయన బోధనల్లో కొన్నింటిని శ్రీసభ తరువాత ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. శోధనల విషయంలో మాత్రం ఆయన అనుభవజ్ఞుడు. మనిషిని పట్టి పీడించే తలంపులు ఎనిమిదని లెక్కపెట్టాడు. తిండిపోతుతనం, మోహం, ధనాశ, విచారం, కోపం, విసుగుదల, డంబం, గర్వం. ఏ తలంపు వస్తే ఏ లేఖనం జవాబుగా చెప్పాలో ఎనిమిది భాగాలుగా ఒక పుస్తకమే తయారుచేశాడు. దానిలో దాదాపు 500 లేఖన భాగాలున్నాయి. ఎడారిలో ప్రభువు చేసినదే ఆయన పాఠ్యపుస్తకంగా కూర్చాడన్నమాట.

ఆ ఎనిమిదింటిలో విసుగుదలకు ఎడారి తండ్రులు మధ్యాహ్నపు పిశాచి అని పేరు పెట్టారు. ఆ పేరు కూడా 91వ కీర్తననుండి వచ్చినదే. ఆ పిశాచి పట్టిన సన్యాసి ఎలా ఉంటాడో ఎవాగ్రియుస్ వర్ణించాడు. పొద్దు కదలడం లేదనిపిస్తుంది. ఇంకా ఎంత పొద్దుందో అని సూర్యుడి వంక చూస్తాడు. ఎవరైనా వస్తున్నారేమో అని గది బయటికి తొంగిచూస్తాడు. చేసే పని మీద రోత, ఉన్నచోటి మీద రోత. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది, తరువాత సిగ్గు వేసింది. జపమాల రెండో రహస్యంలో ఉండగా పక్కనున్న సెల్‌ఫోను వంక చూసేది నేనే గదా. ఎవరైనా వచ్చారేమో, ఏదైనా వచ్చిందేమో. పిశాచి పాతదే, కిటికీ కొత్తది.

దాచినంతకాలం దానిదే రాజ్యం

ఒక యువకుని సంగతి రాస్తాను. ఇది పాపసంకీర్తనంలో విన్నది కాదు. అక్కడ విన్నది ఏ గురువూ ఎవరికీ చెప్పడు. అతడు తల్లితో కలిసి నా కార్యాలయానికి వచ్చి, బల్లకు ఎదురుగా కూర్చుని చెప్పినది. పేరు లేకుండా రాయమని అతడే అన్నాడు.

మొదట స్నేహితులతో సరదాగా క్రికెట్టు పందెం. తరువాత ఫోనులో పేకాట. మొదటి వారం రెండు వేలు వచ్చాయి. ఆ రెండు వేలే అతని కొంప ముంచాయి. జీతం పోయింది, స్నేహితుల దగ్గర అప్పులయ్యాయి, ఫోనులోనే అప్పులిచ్చేవాళ్ళు తగిలారు. ఎనిమిది నెలలు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆదివారం పూజకు వచ్చేవాడు, పాటల బృందంలో పాడేవాడు. తల్లి గొలుసు కనబడకపోతే గాని బయటపడలేదు. ఇలాంటి డబ్బు ఆటలను తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. చట్టం మంచిదే, కావలసినదే. అయితే ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు ఎక్కడుందో వెతికే మనసు ఒకటుంటుంది.

"దేవుడు నన్ను ఎందుకు ఇలా శోధిస్తున్నాడు ఫాదర్?" అని అతడడిగాడు. దేవుడు ఎవరినీ పాపానికి శోధించడని యాకోబుగారు స్పష్టంగా రాశారు (యాకో 1:13-15). ఎవరి ఆశ వారిని లాగుతుంది. ఆశ గర్భం ధరించి పాపాన్ని కంటుంది, పాపం పెరిగి మరణాన్ని కంటుంది. ఆ యువకుడికి నేనీ మాట చదివి వినిపిస్తే, "నాకు ఎనిమిదో నెల" అన్నాడు. తల్లి అర్థంకాక నా వంక చూసింది.

పునీత ఇగ్నేషియస్ లొయోలావారు 1521లో పాంప్లోనా కోటలో గాయపడ్డ సైనికుడు. కోటల సంగతి ఆయనకు బాగా తెలుసు. శత్రువు కోటచుట్టూ తిరిగి గోడ ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడే దెబ్బ కొడతాడని తమ 'ఆధ్యాత్మిక సాధనల'లో రాశారు. ఇంకో పోలిక కూడా చెప్పారు. సైతాను దొంగచాటుగా ఆడపిల్లను వలలో వేసుకొనే మోసగాడి వంటివాడు. నా మాటలు మీ నాన్నకు చెప్పకు అంటాడు. ఆ పిల్ల తండ్రికి చెప్పిన మరుక్షణం అతని ఆట కట్టు. అందుకే శోధనను మంచి ఆత్మీయ గురువుకు, నమ్మకమైన మనిషికి చెప్పుకొమ్మని ఆయన ఉపదేశం. ఆ ఎనిమిది నెలల్లో ఆ అబ్బాయికి వాక్యం లేక కాదు. పాటల్లో అతడు పాడినవన్నీ వాక్యాలే. చెప్పుకొనే మనిషి లేక. తల్లిదండ్రులారా, మీ పిల్లలు తప్పు చేసి వచ్చి చెబితే మీరు మొదటి నిమిషంలో ఏం చేస్తారు? కొడతారా, వీధంతా వినబడేలా తిడతారా? అలాగైతే వారు రెండోసారి మీకు చెప్పరు. వారి రహస్యం ఇంకొకరి చేతిలో పడుతుంది.

పునీత అగుస్తీనువారి సంగతి కూడా ఇక్కడ తలచుకోవాలి. ఆయన 386లో మిలాను నగరంలో ఒక తోటలో ఏడుస్తూ ఉండగా, తీసి చదవమని పాడుతున్న పసిగొంతు వినబడి, పౌలుగారి లేఖ తెరచి రోమీయులకు 13వ అధ్యాయంలోని మాటలు చదివి మారాడని మనం ప్రసంగాల్లో విన్నదే. అంతకు ముందు సంగతి అంతగా వినము. పందొమ్మిదేండ్ల వయసులో అగుస్తీను సిసిరో రాసిన తత్వగ్రంథం ఒకటి చదివి ఉప్పొంగిపోయాడు. అయినా ఏదో వెలితి. ఆ పుస్తకంలో క్రీస్తు నామం లేదు. తల్లిపాలతో తాగిన ఆ పేరు లేని పుస్తకం ఎంత గొప్పదైనా తనను పూర్తిగా పట్టలేకపోయిందని 'ఒప్పుకోలు' మూడో భాగంలో ఆయనే రాసుకొన్నాడు. ఆ తరువాత కూడా పదమూడేండ్లు దారి తప్పే ఉన్నాడు. పవిత్రత ఇవ్వు ప్రభూ, కానీ ఇప్పుడే వద్దు అని ప్రార్థించినవాడు. అయినా పునీత మోనికమ్మగారు పోసిన పాలు లోపల ఇంకిపోలేదు. 387లో పాస్కా రాత్రి పునీత అంబ్రోసువారి చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందాడు. పెద్దవాళ్ళై గుడికి రాని కొడుకులున్న తల్లులు నా దగ్గరికి వస్తుంటారు. వారికి నేనీ కథే చెబుతాను, పదమూడేండ్లు అన్న అంకె దాచకుండా.

వాక్యం ఇంట్లో పెట్టడమెలా అని అడిగేవారికి ఒక మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. వారు రాత్రిబడిలో అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కొంటున్నవారు. వాచకంలో సారా వల్ల చెడిన కుటుంబం పాఠం చదివారు, తమ ఇంటి కథే అనిపించింది, లేచారు. మరుసటి ఏడు రాష్ట్రంలో సారాను నిషేధించారు. వారికున్నది ఒక్క పాఠం. దాన్ని కూడబలుక్కొని చదివారు, వాడారు.

మీరూ పెద్ద భాగం పెట్టుకోవద్దు. ఈ తపస్కాలంలో వారానికి ఒక్క వచనం. ఇల్లు మొత్తానికి ఒకటే. మీ ఇంటి గోడ ఎక్కడ బలహీనమో మీకు తెలుసు గదా, దానికి తగినది ఎంచుకోండి. తాగుడు, జూదం ఉన్న ఇంట్లో 1 కొరింతీ 10:13 మంచిది. తప్పించుకొనే దారి కూడా దేవుడు ఇస్తాడని అందులో ఉంది. కోపం ఉన్న ఇంట్లో యాకోబు 1:19. వాట్సాప్‌లో పంపితే లాభం లేదు. అన్నం వండేటప్పుడు, బడికి దింపేటప్పుడు, పక్క వేసేటప్పుడు నోటితో చెప్పుకోవాలి. చదువురాని నాయనమ్మలుంటే మనవలు వారికి నేర్పాలి. రాత్రి పరలోక జపంలో శోధన అన్న మాట దగ్గర ఒక్క ఊపిరి ఆగండి. ఆ మాట అనువాదం గురించి ఈ మధ్య పెద్ద చర్చే జరిగింది. ఫ్రెంచివారు 2017లో, ఇటలీవారు 2020లో తమ జపంలో ఆ వాక్యం మార్చుకొన్నారు, దేవుడే శోధనలోకి నెడతాడన్న అపార్థం రాకుండా. మన తెలుగు జపంలో మొదటినుండీ మమ్ము అందులోకి వెళ్ళనివ్వకు అనే అడుగుతున్నాం. మనకు నేర్పిన పెద్దలకు దండం.

ఆ యువకుడు ఇప్పుడు రాత్రి తొమ్మిది గంటలకు ఫోను తల్లి చేతికి ఇచ్చేస్తాడు. గొలుసు ఇంకా విడిపించలేదు. అప్పు ఇంకా ఉంది. మధ్యలో రెండుసార్లు తప్పాడు, రెండుసార్లూ మరునాడే వచ్చి చెప్పాడు. మొన్న శుక్రవారం సిలువమార్గంలో సిలువ పట్టుకొన్నది అతడే. మూడో స్థలం దగ్గర ప్రభువు మొదటిసారి పడిన ఘట్టం చదివి, ఏడో స్థలానికి వచ్చేసరికి గొంతు పెగలక, పక్కనున్న పిల్లవాడు అందుకొని చదివాడు. ఎడారికి బైబిలు తీసుకెళ్ళాడా అని అడిగినవాడే. వాడికి నేనింకా సరైన జవాబు చెప్పలేదు. ఈ ఆదివారం పూజ తరువాత చెప్పాలి.